ఓడ ఎక్కి చూసి దిగిపోతే సగమే చూసినట్టు

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న మీ లేఖల పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాక ఇది రాయకుండా ఉండలేకపోయాను. పాత యుద్ధనౌకల్ని మ్యూజియంలుగా పెట్టుకుని, తుప్పు గీకించడానికి కోట్లు తగలేస్తున్నారన్నది ఆయన మొదటి ఫిర్యాదు. కొన్నిచోట్ల ఆ ఓడల్లోనే బల్లలు వేసుకుని, బొమ్మ ఓడలు పేర్చి, పాచికలు వేస్తూ పాత యుద్ధాల్ని ఆడుకుంటున్నారట, మనుషులు చచ్చిన చోట ఈ ఆటలేంటి, సిగ్గుచేటు అన్నది రెండోది. మొదటిదానికి నా దగ్గర పెద్ద జవాబేమీ లేదు. ఖర్చు నిజమే. ఉప్పునీళ్లు ఇనుమును తినడం ఎవరికోసమూ ఆపవు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలోని బఫెలోలో ద సల్లివన్స్ అనే డిస్ట్రాయర్ (చిన్నరకం యుద్ధనౌక) అడుగున చిల్లులు పడి ఒక పక్కకు ఒరిగిపోయింది, అదే ఏడాది టెక్సస్ అనే పాత బ్యాటిల్‌షిప్‌ని (పెద్ద ఫిరంగుల భారీ యుద్ధనౌక) మరమ్మతుకని గాల్వెస్టన్‌లో నీళ్లు తోడేసి ఓడలు బాగుచేసే డ్రైడాక్‌కి లాక్కెళ్లారు. జపాన్‌వాళ్లయితే మికాసా అనే పాత యుద్ధనౌకని యోకొసుకాలో ఏకంగా కాంక్రీటులో పాతేశారు. కాబట్టి డబ్బు సంగతి ఆయనకే వదిలేస్తున్నాను. రెండోదానికి మాత్రం జవాబుంది, ఎందుకంటే ఆ సిగ్గుచేటు పని చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. వాడి దగ్గరికి వెళ్లినప్పుడు ఫాల్ రివర్ అనే ఊళ్లో మసాచుసెట్స్ అనే బ్యాటిల్‌షిప్ చూపించాడు. 1942లో నౌకాదళంలో చేరి, 1947లో పక్కనపెట్టేస్తే, తుక్కు కింద అమ్మేసే దశలో ఆ పేరుగల రాష్ట్రంవాళ్లు చందాలు వేసుకుని, బడిపిల్లల చిల్లరతో సహా పోగుచేసి, కాపాడుకున్న ఓడ అది. 1965 నుంచి అక్కడే మ్యూజియంగా ఉంది. మొదటిసారి అందరూ చూసినట్టే చూశాను. 207 మీటర్ల పొడవు, పదహారు అంగుళాల ఫిరంగులు తొమ్మిది, ఒక్కో గుండు బరువు 1,225 కిలోలు. ఇలాంటివన్నీ బోర్డుల మీద రాసుంటాయి, చదివి "అబ్బో" అనుకుని ముందుకు పోతాం. లోపల ప్రతి ద్వారానికీ మోకాలెత్తు గడప ఉంటుంది, రెండుసార్లు కాలికి తగిలింది, మూడోసారి నెత్తికి పైకప్పు పైపు తగిలింది. ఫోటోలు దిగాం. బయటికొచ్చాక మా మనవడు "తాతా, ఇది ఎవరితో కొట్లాడింది?" అన్నాడు. ఫ్రెంచివాళ్లతో, జపాన్‌వాళ్లతో అన్నాను. "గెలిచిందా?" గెలిచింది. "ఎలా?" నా దగ్గర మాట లేదు. మూడు గంటలు తిరిగి, టికెట్ డబ్బులు పెట్టి, ఎనిమిదేళ్ల పిల్లాడి ప్రశ్నకు జవాబు లేకుండా దిగొచ్చాను.

రెండోసారి వెళ్లింది ఆటకి. మా అబ్బాయి స్నేహితులు కొందరికి నౌకాయుద్ధాల ఆటల పిచ్చి, ఓడవాళ్ల అనుమతి తీసుకుని ఒక శనివారం నావికులు అన్నం తినే డెక్ మీద బల్లలు కలిపి వేశారు. నీలం గుడ్డ పరిచారు. ఓడలు వేలెడంత ఉంటాయి, అసలు ఓడని 2,400 వంతులు చేస్తే అందులో ఒక వంతు. ఆ లెక్కన మనం కూర్చున్న మసాచుసెట్సే బల్లమీద ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ఆడబోయేది కాసాబ్లాంకా యుద్ధం, 1942 నవంబర్ 8, అంటే ఈ ఓడ మొట్టమొదట నోరు తెరిచిన రోజు.

అమెరికావాళ్లూ ఫ్రెంచివాళ్లూ ఎందుకు కొట్టుకున్నారని చాలామందికి అనుమానం వస్తుంది, నాకూ వచ్చింది. 1940లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయాక విషీలో ఏర్పడ్డ ప్రభుత్వం చేతికింద మొరాకో ఉండేది. అక్కడ అమెరికా సైన్యం దిగుతుంటే అక్కడున్న ఫ్రెంచి నౌకాదళం ఆజ్ఞ ప్రకారం ఎదురుతిరిగింది. కాసాబ్లాంకా రేవులో జాన్ బార్ అనే కొత్త బ్యాటిల్‌షిప్ ఉంది. కొత్తదంటే ఇంకా పూర్తికానిది. 1940 జూన్‌లో జర్మన్లు వచ్చిపడేలోపు సగం కట్టిన ఓడని ఫ్రాన్స్‌లోని సాన్ నజేర్ నుంచి ఎలాగో తప్పించి తీసుకొచ్చారు. ఉన్నది ఒక్కటే పనిచేసే టరెట్ (ఫిరంగుల్ని మోస్తూ గుండ్రంగా తిరిగే ఉక్కు గూడు), అందులో నాలుగు ఫిరంగులు. రేవులో కట్టేసి ఉంది, కదలదు.

నేను కొత్తవాణ్ని, పెద్దవాణ్ని, నియమాలు తెలియవు, కాబట్టి "అంకుల్‌కి జాన్ బార్ ఇద్దాం, కదపాల్సిన పనిలేదు" అన్నారు. మా అబ్బాయి అమెరికా పక్షం. రెండు పక్షాల్నీ వేరువేరు గదుల్లో కూర్చోబెట్టారు. ఇదే అసలు కిటుకు. రెండు పక్షాలూ ఒకే బల్ల చుట్టూ నిలబడి ఆడితే అది కారమ్స్ అయిపోతుంది, అందరికీ అన్నీ కనిపిస్తాయి. ఇక్కడ మధ్యలో అంపైర్ ఉంటాడు, అతని బల్లమీదే నిజం ఉంటుంది. మాకు వచ్చేవి చీటీలు. "వాయవ్యం దిక్కున పెద్ద ఓడ, దూరం 22 కిలోమీటర్లు, ఇంకా రెండు ఓడలు, పొగ" అని ఒక చీటీ వస్తుంది. ఆ పెద్ద ఓడ ఏది, ఆ రెండూ మధ్యరకం క్రూయిజర్లా, చిన్న డిస్ట్రాయర్లా, మన గుళ్లు ఎక్కడ పడుతున్నాయి, ఏదీ సరిగా తెలియదు. చీటీ రాసి పంపడానికి రెండు నిమిషాలు టైమ్. ఫ్యాన్ గాలి, కొత్త పెయింటు వాసన, పైన టూరిస్టుల అడుగుల చప్పుడు, నా చేతిలో పెన్సిలు. టెన్షన్‌తో నా చెయ్యి నిజంగానే చెమట పట్టింది, నవ్వుకుంటే నవ్వుకోండి.

నా వంతు నాలుగోసారి వచ్చినప్పుడు అంపైర్ చీటీ పంపాడు: టరెట్‌కి దెబ్బ తగిలింది, తిరగడంలేదు. అయిపోయింది. అసలు యుద్ధంలో జరిగింది కూడా అంతే. ఉదయం ఏడు దాటాక మొదలైన కాల్పుల్లో జాన్ బార్ టరెట్ బిగుసుకుపోయింది. తగిలిన గుళ్లలో కొన్ని పేలనే లేదు, అయినా ఆ ఒక్క దెబ్బ చాలింది. నేను కుర్చీ వెనక్కి జరిపి కాఫీ తెచ్చుకుందామని లేచాను. అంపైర్ మా గదికి వచ్చి, ఎవరికీ వినబడకుండా ఇంకో చీటీ చేతిలో పెట్టాడు. "సాయంత్రానికి టరెట్ బాగుచేశారు. శత్రువుకి తెలియదు. ఏం చేస్తారు?"

ఏం చేస్తాం? నోరు మూసుకుని కూర్చున్నాను. ఫిరంగుల్ని పాడైపోయినట్టు అలాగే ఉంచమని రాశాను. పక్క గదిలో మా అబ్బాయి జాన్ బార్ పని అయిపోయిందని గుర్తు పెట్టుకుని, మా ఎల్ హాంక్ తీరఫిరంగుల మీదా, రేవులోంచి తెగించి బయటికొచ్చిన డిస్ట్రాయర్ల మీదా పడ్డాడు. ఆట నవంబర్ 10కి వచ్చింది. అమెరికా అడ్మిరల్ హ్యూయిట్ ఉన్న ఆగస్టా అనే క్రూయిజర్ నా ఫిరంగులకు అందే దూరంలోకి వచ్చేసింది, తీరిగ్గా. అప్పుడు కాల్చాను. పాచిక బాగా పడలేదు, గుళ్లు ఓడ పక్కన నీళ్లలో పడ్డాయి, కానీ పక్క గదిలోంచి వచ్చిన కేక మాత్రం గోడ దాటి వినిపించింది. చరిత్రలోనూ జరిగింది ఇదే. జాన్ బార్ పని అయిపోయిందనుకుని దగ్గరికి వచ్చిన ఆగస్టా గుళ్ల మధ్యలోంచి తప్పించుకుని పారిపోయింది, తర్వాత రేంజర్ అనే విమానవాహక నౌక నుంచి బాంబర్లు వచ్చి జాన్ బార్‌ని కొట్టి రేవులోనే కూర్చోబెట్టాయి. నాకూ అదే గతి పట్టింది, పైగా బాంబు వేసింది నా కన్నకొడుకు.

ఇప్పుడు చెప్పండి, ఇది బోర్డు మీద ఉంటుందా? "ఈ ఓడ జాన్ బార్‌ని మౌనం చేసింది" అని ఒక్క ముక్కలో ఉంటుంది. మౌనం చేయడానికీ, మౌనంగా ఉన్నట్టు నటించడానికీ మధ్య రెండు రోజుల తేడా ఉందని, ఆ తేడా తెలియక ఒక అడ్మిరల్ ప్రాణంమీదికి వచ్చిందని, నేను ఆ చీటీ పట్టుకుని నోరు మూసుకున్నాకే నాకు ఎక్కింది.

మధ్యలో విరామం ఇచ్చినప్పుడు కిందికి, ఫిరంగుల గురి లెక్కలు కట్టే ప్లాటింగ్ రూమ్‌కి వెళ్లాను. మొదటిసారి అక్కడ నిలబడి ఒక పెద్ద ఇనుప పెట్టె, దానికి బోలెడు డయల్స్, అనుకుని వెళ్లిపోయాను. ఈసారి నిలబడిపోయాను. అది రేంజ్‌కీపర్, ఫోర్డ్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ చేసింది (కార్ల ఫోర్డ్ కాదు, వేరే ఫోర్డ్). పళ్లచక్రాలతో లెక్కలు కట్టే కంప్యూటర్. దాని అవసరం ఏమిటో బల్ల దగ్గర అప్పుడే తెలిసింది. 22 కిలోమీటర్ల దూరానికి గుండు చేరడానికి దాదాపు నలభై సెకన్లు పడుతుంది. 27 నాట్ల వేగంతో, అంటే గంటకు యాభై కిలోమీటర్లు పోయే ఓడ ఆ నలభై సెకన్లలో అయిదువందల మీటర్లకు పైగా జరిగిపోతుంది, అంటే తన పొడవుకి రెండింతలు పైనే. మనం కాల్చాల్సింది ఓడని కాదు, ఓడ అప్పటికి ఎక్కడుంటుందో ఆ నీళ్లని. అదీ మన ఓడ కూడా కదులుతూ, ఊగుతూ ఉండగా. మసాచుసెట్స్ ఆ యుద్ధంలో పెద్ద గుళ్లు ఎనిమిది వందలకు కొంచెం తక్కువ కాల్చింది. తగిలినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మొదటిసారి ఆ లెక్క చదివి "ఇంత గురి తప్పుతారా" అనుకున్నాను. పాచికలు వేశాక ఆ వెటకారం పోయింది. ఇంకోమాట, ఆ రోజు ఫ్రెంచి జలాంతర్గామి వదిలిన టార్పెడోల మధ్యలోంచి ఈ ఓడ దూరి బయటపడింది, ఒకటి పక్కనుంచి కొన్ని అడుగుల దూరంలో పోయిందట. ఆటలో అది ఒక పాచిక. మా అబ్బాయికి మంచి అంకె పడింది, లేకపోతే నా చరిత్ర వేరే ఉండేది.

బల్ల కూడా మోసమే అనుకోండి, అది ఒప్పుకోవాలి. ఓడని తగ్గించిన లెక్కనే సముద్రాన్నీ తగ్గిస్తే మసాచుసెట్స్ నా జాన్ బార్‌కి తొమ్మిది మీటర్ల దూరంలో, గోడ అవతల ఎక్కడో ఉండాలి. అందుకని దూరాల్ని ఇంకా కుదించి, ఓడ బొమ్మని మాత్రం పెద్దదిగా ఉంచుతారు, దూరం కొలిచేది బొమ్మ మధ్యనుంచి. బల్లమీద రెండు ఓడలు రాసుకుపోతున్నట్టు కనిపిస్తే నిజానికి వాటిమధ్య కిలోమీటరు ఉంటుంది. ఇది తెలియనివాళ్లు ఫోటో చూసి "ఇదేం యుద్ధం, గుద్దుకుంటున్నాయి" అంటారు.

ఇది పిల్లల చేష్ట అని మీ పాఠకుడు అనుకుంటున్నారు. మరి నిజమైన నౌకాదళాలు ఏం చేశాయో చూడండి. అమెరికా నౌకాదళం న్యూపోర్ట్‌లోని తన వార్ కాలేజీలో 1887 నుంచీ ఇవి ఆడిస్తోంది. జపాన్‌తో యుద్ధంలో ఏం జరుగుతుందో అక్కడ ఎన్నోసార్లు ఆడేశామనీ, ఆత్మాహుతి విమానాలు తప్ప తమకు కొత్తగా ఎదురైంది ఏమీ లేదనీ ఆ యుద్ధంలో అమెరికా పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ నిమిట్జ్ తర్వాత చెప్పాడు. 1942లో లివర్‌పూల్‌లో బ్రిటిష్‌వాళ్లు ఒక గది నేలనే అట్లాంటిక్ చేసేశారు. కమాండర్లని గుడ్డ తెరల వెనక నిలబెట్టి, చిన్న కంతలోంచి మాత్రమే చూడనిచ్చేవాళ్లు, సముద్రంలో ఎంత కనిపిస్తుందో అంతే. జర్మన్ జలాంతర్గాములు నడిచిన దారిని అంత దూరం నుంచి కనిపించని రంగు సుద్దతో గీసేవాళ్లు. గీసేదీ, లెక్కలు కట్టేదీ నౌకాదళంలో చేరిన అమ్మాయిలు, చాలామంది ఇరవై ఏళ్ల చుట్టుపక్కలవాళ్లు, సముద్రం మీద యుద్ధం చూడనివాళ్లు. కాన్వాయ్‌ల (గుంపుగా పోయే సరుకు ఓడల) మధ్యలో దూరి కొడుతున్న జలాంతర్గాముల్ని ఎలా పట్టాలో ఆ నేలమీదే కనిపెట్టారు. ఆ గదిలో తర్ఫీదు పొంది సముద్రానికి వెళ్లిన కమాండర్లు వేలల్లో ఉన్నారు.

ఇక దీనికి రెండో పక్క కూడా ఉంది, అది ఓడమీదే జరిగింది. 1942 మేలో జపాన్‌వాళ్లు పసిఫిక్‌లోని మిడ్‌వే దీవి మీద దాడికి ముందు యమాటో అనే బ్యాటిల్‌షిప్ మీద కూర్చుని ఆ దాడిని ఆడి చూసుకున్నారు. అందరికీ తెలిసిన కథే: అమెరికన్ విమానాల తరఫున పాచిక వేస్తే తొమ్మిది బాంబులు తగిలి జపాన్ విమానవాహక నౌకలు రెండు మునిగాయని తేలిందట, అంపైర్‌గా ఉన్న అడ్మిరల్ ఉగాకి అదేం కుదరదని మూడుకి తగ్గించాడట, మునిగిన ఓడ ఒకటి తర్వాతి ఆటలో మళ్లీ తేలిందట. శకుని పాచికలు కూడా ఇంత సౌకర్యంగా పడలేదు. నెల తిరిగేసరికి అసలు మిడ్‌వేలో నాలుగు పోయాయి. ఆట అబద్ధం చెప్పలేదు, అడ్మిరల్‌గారు వినలేదు.

అగౌరవం సంగతికి వస్తాను. ఇక్కడ మీ పాఠకుడిది పూర్తిగా తప్పని నేను అనను. మా ఆటలో మధ్యాహ్నం ఫ్రెంచి డిస్ట్రాయర్ ఒకటి ఒక్క పాచికతో పోయింది. పక్క గదిలో ఎవరో చప్పట్లు కొట్టారు. అసలు రోజున ఆ చిన్న ఓడలు, గెలవలేమని తెలిసి, పెద్ద ఫిరంగుల ఎదురుగా బయటికొచ్చాయి. ఫ్రెంచి నావికులు వందలమంది పోయారు. మసాచుసెట్స్‌కి రెండు గుళ్లు తగిలినా ఒక్కరు కూడా చనిపోలేదు. ఆ చప్పట్ల సమయంలో ఆయన మా గదిలో ఉండి నావైపు చూసి ఉంటే నేను తల దించుకునేవాణ్ని. అదే ఓడలో, రెండో ప్రపంచయుద్ధంలో ఆ రాష్ట్రం నుంచి పోయినవాళ్ల స్మారకం ఉంది. సాయంత్రం అటు వెళ్లాం, అప్పుడు ఎవరూ మాట్లాడలేదు. అయితే ఒకటి చెప్పనా, చనిపోయినవాళ్ల గురించి మేం ఆలోచించింది కూడా ఆ డిస్ట్రాయర్ పోయాకే. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ స్మారకం ముందునుంచి ఐస్‌క్రీం తింటూ నడిచిపోయాను.

అగౌరవం నేను ఇంకోచోట చూశాను, పేరు చెప్పను. ఆ ఓడలో నావికులు పడుకునే గదిలో నాణెం వేస్తే ఊగే విమానం బొమ్మ మిషన్లు పెట్టారు, తుపాకీ శబ్దాలు ఓడంతా వినిపిస్తున్నాయి. పిల్లలు వాటి దగ్గర్నుంచి కదలరు, ఓడ చూడరు. ఓడ నడిపే బ్రిడ్జి గది ఎక్కడ అని సిబ్బందిలో ఒకాయన్ని అడిగితే "మెట్లు ఎక్కండి, అన్నీ ఒకేలా ఉంటాయి" అన్నాడు. దాని గురించి ఎవరూ మీకు ఉత్తరం రాయలేదు మరి.

అందరూ ఆడాలని నేను చెప్పడంలేదు. కానీ ఇలాంటి ఓడ ఎక్కబోయేవాళ్లు ఒక్క యుద్ధం, ఒకే ఒక్కటి, ముందే చదువుకుని వెళ్లండి, ఆ యుద్ధంలో ఎవరికి ఏం కనిపించిందో చూసుకుని వెళ్లండి. లండన్‌లో థేమ్స్ మీద బెల్‌ఫాస్ట్ అనే క్రూయిజర్ ఉంది. దాని ముందు ఫిరంగుల గురి పంతొమ్మిది, ఇరవై కిలోమీటర్ల అవతల హైవే పక్కన ఉన్న సర్వీస్ స్టేషన్ మీదికి పెట్టి ఉంచారని చెబితే అందరూ నవ్వుతారు, నేనూ నవ్వాను. అది కూడా మంచిదే, దూరం ఎంతో ఒంటికి తెలుస్తుంది. కానీ 1943 డిసెంబర్ 26న అదే ఓడ ఆర్కిటిక్ చీకట్లో షార్న్‌హోర్స్ట్ అనే జర్మన్ బ్యాటిల్‌షిప్‌ని రాడార్‌లో పట్టుకుంది. ఆ పొద్దున్నే ఇంకో బ్రిటిష్ క్రూయిజర్ కొట్టిన గుండుకి షార్న్‌హోర్స్ట్ ముందువైపు రాడార్ పోయింది. ఒకరికి కళ్లున్నాయి, ఒకరికి లేవు. దాదాపు రెండు వేలమంది ఉన్న ఆ ఓడలో చివరికి బతికి బయటపడ్డది 36 మంది. ట్యూబ్‌లైట్ల వెలుగులో బెల్‌ఫాస్ట్ రాడార్ గదిలో నిలబడితే అదొక గది. అవతలివాడికి ఆ క్షణంలో ఏమీ కనిపించడంలేదని తెలిసి నిలబడితే వేరే.

మ్యూజియంలవాళ్లని కోరేది కూడా చిన్నదే. ఏడాదిలో కొన్ని రోజులు భోజనాల డెక్ మీద నాలుగు బల్లలు, రెండు వేరువేరు గదులు, నియమాలు తెలిసిన ఒక అంపైర్. పిల్లలకైతే అరగంటలో అయిపోయేట్టు చెయ్యొచ్చు, మూడు చీటీలు చాలు. చప్పట్లు వద్దని ముందే చెప్పండి, వింటారు. మా మనవడు ఆ రోజు సాయంత్రం "ఎలా గెలిచింది తాతా?" అని మళ్లీ అడిగాడు, గంటసేపు చెప్పాను, వాడు నిద్రపోయాడు, అది వేరే విషయం.

ఆ ఉత్తరం రాసిన పాఠకుడు ఎప్పుడైనా అటువైపు వెళ్తే ఒక బల్ల దగ్గర కూర్చోమనండి. జాన్ బార్ తీసుకోమనండి. కదలదు కాబట్టి నేర్చుకోవడం తేలిక. సాయంత్రం అంపైర్ వచ్చి రెండో చీటీ ఇచ్చేదాకా మాత్రం కాఫీకి లేవొద్దని చెప్పండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు